తాళం వేసిన ప్రయోగశాల

గత నెల ఒక ఉర్దూ మాధ్యమ ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళాము. ముగిసిన పిదప రసాయనశాస్త్ర ప్రయోగశాల చూపమని కోరితే తాళంచెవి వెదకడానికే పావుగంట పట్టింది. గుమాస్తా కొలువు చేసిన అలవాటు కొద్దీ మా దృష్టి ముందుగా స్టాకు రిజిస్టరు మీదికి పోయింది. అందులో అన్నీ ఉన్నాయి. గదిలో చూస్తే ఇసుక బకెట్టు నిండా చిత్తుకాగితాలు, నీరు రాని కుళాయి, చీటీలు వెలిసిపోయిన ఆమ్లపు సీసాలు. "పిల్లలకేమైనా జరిగితే ఎవరు జవాబుదారీ? అందుకే తాళం" అని ఉపాధ్యాయులు దాచకుండానే చెప్పారు.

వారి భయాన్ని మేము తేలిక చేయము. బర్నరుకు పేరిచ్చిన బున్సెన్ అంతటి శాస్త్రవేత్తే ఒక పేలుడులో కుడికంటి చూపు కోల్పోయాడు. కాని తాళం పిల్లలను ఎంతవరకు కాపాడగలదు? మరుగుదొడ్డి కడగడానికి మనం ఇంటికి తెచ్చుకునే తేజాబ్ సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. దానికి బ్లీచింగ్ పౌడరు తోడైతే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. ఈ సంగతి తెలియక మూసిన స్నానాలగదిలో రెండింటినీ కలిపే ఇళ్ళు లేకపోలేదు. బడిలో నేర్వని జాగ్రత్త ఇంటికి ఎలా వస్తుంది?

జాగ్రత్తను కారణంతో సహా, పిల్లలకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా నీటిలో కలపాలి, ఆమ్లంలో నీరు పోయరాదు. దీన్ని వట్టి కంఠపాఠంగా నేర్చి, పరీక్షలో తిరగేసి రాసిన పిల్లలను మేమెరుగుదుము. రెండూ కలిసినపుడు విపరీతమైన వేడి పుడుతుందనీ, పైన పడిన నీరు అక్కడికక్కడే మరిగి ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్ముతుందనీ ఒక్కసారి ఉర్దూలో వివరిస్తే మరువరు. సీసాల మీద ఇంగ్లీషు పేరు పక్కన ఉర్దూ, తెలుగు పేర్లు రాయడానికి ఖర్చేపాటి?

ఇక ఆడపిల్లల వస్త్రధారణ. నైలాన్, పాలిస్టర్ దుపట్టా సారాదీపానికి తగిలితే కరిగి చర్మానికి అంటుకుపోతుంది. ఈ మాట నిజమే. దాన్ని సాకుగా చూపి బాలికలను వెనుక బెంచీలకు పంపడాన్ని, తలకప్పు తీయమనడాన్ని మాత్రం మేము అంగీకరించము. నూలు స్కార్ఫు బిగించి, కొసలు లోపలికి దోపుకొని, పైన నూలు కోటుకు గుండీలు పెట్టుకుంటే సరిపోతుంది.

పదవ తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. విజ్ఞానశాస్త్రంలో మొదటి కృత్యమే మెగ్నీషియం తీగను కాల్చడం. ఆ తెల్లని వెలుగును సూటిగా చూడరాదు, రక్షణ కళ్ళద్దాలుండాలి. మేము చూసిన గదిలో ఒక్క జత లేదు. అంతకన్నా ముందు కావలసింది నీరు. ఆమ్లం మీద పడితే పసుపు, టూత్‌పేస్టు పూయక, వెంటనే పారే నీటి కింద కనీసం 20 నిమిషాలు కడగాలి. నీరు లేని గదిని తెరవమని మేమూ కోరలేము.

కనుక మొదట కుళాయి బాగు చేయించండని ప్రధానోపాధ్యాయులకు అర్జీ ఇచ్చాము, నకలు మీద రశీదు తీసుకున్నాము. ఇసుక, కళ్ళద్దాల కోసం మా వీధి పెద్దలు చందా వేస్తున్నారు. మీ పిల్లల బడిలోనూ ఒకసారి ఆ తాళం తీయించి చూడండి.