నిండుకుండలూ, బ్యాటరీలూ

నిండుకుండ తొణకదంటారు. రిమోటుతో ఎగిరే బొమ్మ విమానాల లిథియం పాలిమర్ బ్యాటరీల విషయంలో ఈ సామెత చెల్లదు. రేపు ఎగరేద్దామని సెల్లుకు 4.2 వోల్టుల దాకా నింపుతాం. ఆ రేపు కాస్తా నెల్లాళ్ళకు వాయిదా పడితే, లోపలి ద్రావణం మెల్లగా విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. ఖాళీ చేసి దాచడమూ చేటే: తనంత తానే మరింత తగ్గి 3 వోల్టుల దిగువకు పోయిందా, ఇక కోలుకోవడం కష్టం. దాచడానికి తగిన మట్టం సెల్లుకు 3.8 వోల్టులు, మూడు సెల్లుల బ్యాటరీకి 11.4. కాదు, 3.85 మేలన్న తర్కం నా దృష్టిలో వృథా ప్రయాస. (చాలా ఛార్జర్లలో 'స్టోరేజ్' అనే ఎంపిక ఉండనే ఉంది, ఇంత వాదమెందుకో!) వాన వచ్చి విమానం ఎగరకపోతే, ఆ సాయంత్రమే బ్యాటరీని ఆ మట్టానికి దించడం ముఖ్యం. మళ్ళీ నింపుకోవడానికి గంట చాలు.