నడచువారికి నీడయు దారియు

ఏటేట మన విద్యార్థులు కొందఱు వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చదువుకొనబోవుచున్నారు. 1926లో బెజవాడయందు స్థాపింపబడి 1930లో వాల్తేరు మిట్టకు తరలివచ్చిన యా విద్యాపీఠమునకు బిడ్డను పంపునపుడు తలిదండ్రులు వసతిగృహమును గూర్చియు భోజనమును గూర్చియు విచారింతురు. గేటు వెలుపలి వీథిని గూర్చి యడిగినవారిని మేమింతవఱకు చూడలేదు.

విశ్వవిద్యాలయముల చెంత పెక్కు పట్టణములలో మేము చూచినది యొక్కటే. కాలిబాట యున్నచోట మోటారుసైకిళ్లు నిలిచియుండును. లేనిచోట మురుగుకాలువ మూతలే బాట. పుస్తకములు చేతబట్టిన బాలిక బస్సుల నడుమకు దిగవలసినదే. ఇక చూపులేని విద్యార్థి మాట యేమి?

వీథి యిఱుకుగ నున్నదని కొందఱందురు. బండ్లు నిలుపుటకు చాలిన వీథి మనుష్యులు నడచుటకు మాత్రము చాలదా? ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి 2012 నాటి నియమముల ప్రకారము నడకకు కనీసము 1.8 మీటర్ల వెడల్పు అడ్డులేక యుండవలయును. బాట యంచు 150 మిల్లీమీటర్ల యెత్తునకు మించరాదు. ఈ రెండవది స్వల్పముగ దోచును గాని, అంచు మోకాలెత్తున కట్టినచో ముదుసలులు దానినెక్కలేక రోడ్డుమీదనే నడతురు.

నీడ మాట మఱింత ముఖ్యము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున వేలకొలది చెట్లను కూల్చినది. అట్టి తీరమున ఏ చెట్టు నాటవలయునో యోచింపవలదా? తురాయి పూవులు మాకును ప్రియమే. అయినను దాని కొమ్మలు పెళుసు; వేళ్లు పైపైన ప్రాకి బాటఱాళ్లను లేపును. ఉప్పుగాలికోర్చు కానుగయు, ఏడాది పొడవునను ఆకు నిలుచు పొగడయు మేలని మా యభిప్రాయము. ఏ చెట్టు నాటినను మొదటివఱకు సిమెంటు పోయుట దానికి నీరందకుండ జేయుటయే. ఢిల్లీలో చెట్లచుట్టు ఒక మీటరు మేర సిమెంటును తొలగింపవలయునని జాతీయ హరిత న్యాయస్థానము 2013లోనే యాజ్ఞాపించినది.

బాట బాగుచేయుదుమని జామపండ్ల అవ్వను వెడలగొట్టుట మాకు సమ్మతము గాదు. వీథి వర్తకులకు 2014 నాటి చట్టము రక్షణ నొసగుచున్నది. చెట్టునకు చెట్టునకు నడుమ నామె బుట్టకు చోటిచ్చి, నడకదారిని విడిచిన చాలును.

వాల్తేరు దూరమనువారుందురు. మన గేటు దగ్గఱనే కదా! పై తరగతుల పిల్లలు ఒక యుదయము గంటసేపచ్చట నిలిచి, ఎందఱు నడచివచ్చిరో, ఎందఱు రోడ్డుపైకి దిగవలసివచ్చెనో లెక్క వ్రాయుదురుగాక. ఆ కాగితమును మునిసిపలు కార్యాలయమునకు మేమే కొనిపోయెదము.