తొమ్మిదో తరగతికి చోటు ముందే చూడండి

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి, ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల కలెక్టర్లకు, రెండు జిల్లాల విద్యాశాఖాధికారులకు,

ఈ ఏడాది ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఎనిమిదేళ్లకు తొమ్మిదో తరగతికి వస్తారు. ఇందులో జోస్యం ఏమీ లేదు. వాళ్ల పేర్లు బడి రిజిస్టర్లో ఉన్నాయి, వివరాలు యూడైస్ అనే బడుల సమాచార వ్యవస్థలో ఉన్నాయి. వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ అంగన్‌వాడీలో ఉన్నారు. ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో గ్రామ, వార్డు సచివాలయాలకు తెలుసు. ఇంత సమాచారం చేతిలో ఉండి కూడా జూన్ వచ్చేసరికి హెడ్మాస్టర్లు బెంచీల కోసం, గదుల కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. హైస్కూలు సీట్లను ఊరి వారీగా, వార్డు వారీగా ఐదేళ్ల ముందే లెక్కగట్టి ప్రజల ముందు పెట్టమని అడగడానికే ఈ లేఖ.

ఏలూరు చుట్టూ శనివారపుపేట, సత్రంపాడు, తంగెళ్లమూడి, వట్లూరు వైపు ఒకసారి తిరిగి చూడండి. వరి చేలున్న చోట ఇళ్లు లేచాయి. తాడేపల్లిగూడెం 2011 జనాభా లెక్కలకే లక్ష దాటింది. ఆ తర్వాత 2015లో నిట్ వచ్చింది, ప్రభుత్వం కట్టించిన టిడ్కో అపార్టుమెంట్లు వచ్చాయి, జాతీయ రహదారి పొడవునా వెంచర్లు పడ్డాయి. లేఅవుట్ వేసేవాళ్లు పదో వంతు ఖాళీ స్థలంగా వదలాలన్న నిబంధన ఉంది. కాలనీ కడితే రోడ్డు, కుళాయి, కరెంటు స్తంభం అంచనాల్లో చేరతాయి. ఆ ఇళ్లలో పెరిగే పిల్లలు ఏ హైస్కూల్లో కూర్చుంటారని అడిగే అలవాటు మాత్రం మనకు లేదు. నా దృష్టిలో అసలు లోపం ఇక్కడే ఉంది.

నలభై మందికి సరిపోయే గదిలో అరవై మంది కూర్చుంటే ఏమవుతుందో ఏ టీచరునైనా అడగండి. ముగ్గురి బెంచీ మీద నలుగురు సర్దుకుంటారు. చివరివాడు సగం బయటికి ఒరిగి, నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని రాస్తాడు. లెక్కల మాస్టారు బోర్డు మీద లెక్క చేసి చూపిస్తారు గానీ వెనక వరుసలో ఎవరు ఎక్కడ తప్పారో వంగి చూడడానికి నడిచే సందు ఉండదు. పదో తరగతి పరీక్షల్లో లెక్కల్లో తప్పిన పిల్లవాడిని తెలివి తక్కువవాడు అంటాం. వాడి పుస్తకం ఏడాదంతా ఎవరూ చూడలేదన్న సంగతి మార్కుల జాబితాలో రాయరు.

రాష్ట్రంలో పుట్టే పిల్లల సంఖ్య తగ్గుతోంది కదా, కొత్త గదులు దేనికని ఆర్థిక శాఖ అడగవచ్చు. తగ్గుతున్న మాట నిజమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన సంతాన రేటు 1.7 మాత్రమే. కానీ పిల్లలు అన్ని చోట్లా ఒకేలా తగ్గరు. పల్లెలో బడి ఖాళీ అవుతుంటే పట్నం అంచున బడి కిక్కిరుస్తుంది. రాష్ట్ర సగటు చూసి శనివారపుపేటకు గదులు నిర్ణయించలేం. 2022లో 117 జీవోతో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించారు, 2025లో ఆ జీవోను రద్దు చేశారు. మూడేళ్లలో పిల్లల్ని అటు పంపి ఇటు తెచ్చాం. రెండుసార్లూ ఆ ఏటి హాజరు పట్టీ చూసి చేసిన పనే గానీ, రాబోయే ఏళ్ల లెక్క చూసి చేసింది కాదు.

ఇంకొక చిక్కు చట్టంలోనే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దాకానే, ఎనిమిదో తరగతి దాకానే. ప్రైవేటు బడుల్లో పేదలకిచ్చే 25 శాతం సీట్ల హామీ కూడా అక్కడితోనే సరి. తొమ్మిదిలో అడుగుపెట్టగానే హక్కు పోయి, ఎవరి వీలు వాళ్లదవుతుంది. పేదింటి పిల్లలు జారిపోయేది కూడా ఆ మలుపులోనే.

కొల్లేరు సరస్సులోని లంక గ్రామాల సంగతి మరీ వేరు. 2009లో మొదలైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ ఐదు కిలోమీటర్ల లోపు హైస్కూలు ఉండాలంది. మ్యాపు మీద స్కేలు పెడితే లంక గ్రామాల్లో చాలావాటికి ఆ దూరం సరిపోతున్నట్టే కనిపిస్తుంది. మధ్యలో నీళ్లున్నాయి, గుర్రపుడెక్క ఉంది, చేపల చెరువులున్నాయి. గట్ల మీదుగా చుట్టు తిరిగి పోవాలి. వానాకాలంలో గట్టు మీది నల్లమట్టి సైకిలు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోతుంది. చక్రం తిరగదు. పిల్ల దిగి, పుల్లతో గీకి, నాలుగు బారలు తోసి, మళ్లీ దిగి గీకుతుంది. బడికి చేరేసరికి మొదటి పీరియడ్ అయిపోతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు చివరికి వచ్చి చేరింది కొల్లేటికే. మండవల్లి, కైకలూరు మండలాల్లో లంకలకు రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రోజుల్లో ఐదు కిలోమీటర్లన్న మాటకు అర్థం ఉండదు. "ఆడపిల్లని రోజూ అంత దూరం ఏం పంపుతాంలే" అన్న తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టలేను. ఆ పిల్ల ఇంట్లో ఉండిపోతే తర్వాత వచ్చేది పెళ్లి సంబంధమో, రొయ్యల షెడ్డులో తలలు తీసే పనో.

కొల్లేరులో ఐదో కాంటూరు అనే ఎత్తు గీత లోపలి ప్రాంతమంతా 1999 నుంచి అభయారణ్యం. అక్కడ బడి గది కట్టాలన్నా అటవీ శాఖను దాటుకుని రావాలి. పల్లం కాబట్టి మెరక తోలించాలి. ఈ ఏడు అవసరమై ఈ ఏడే కట్టేయడం అక్కడ కుదిరే పని కాదు. ముందుచూపు అందరికంటే ఎక్కువ కావాల్సింది లంకలకే.

జిల్లాల గీత గురించి కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఉంగుటూరు ఏలూరు జిల్లాలో, పక్కనే ఉన్న తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉన్నాయి. ఉంగుటూరు వైపు పిల్లలకు తాడేపల్లిగూడెమే దగ్గర. కైకలూరుకూ ఆకివీడుకూ మధ్య కూడా ఇదే పరిస్థితి. పిల్లలు గీత చూసి బస్సెక్కరు. రెండు జిల్లాలూ లెక్క ఎవరికి వారు వేసుకుంటే గీతకు దగ్గరగా ఉన్న పిల్లలు రెండు లెక్కల్లోనూ తప్పిపోతారు.

ఇంగ్లండులో బడి సీట్లు చాలినన్ని ఉండేలా చూడడం స్థానిక మండళ్లకు చట్టం అప్పగించిన బాధ్యత. జననాల లెక్క, కొత్త ఇళ్ల లెక్క కలిపి ఏటా రాబోయే సంవత్సరాల అంచనా ప్రభుత్వానికి పంపుతారు. ఇళ్లు కట్టే కంపెనీల నుంచి బడుల కోసం వాటా కూడా రాబట్టుకుంటారు. మనకు అంతకంటే వివరమైన ఇంటింటి సమాచారం ఉంది. దాన్ని పథకాల లబ్ధిదారుల కోసం వాడుతున్నాం, బడి గదుల కోసం కూడా వాడమంటున్నాను.

వచ్చే నవంబరులోగా రెండు జిల్లాల అధికారులు ఒకచోట కూర్చుని, ఐదు, ఎనిమిది, పది తరగతుల్లో ఎంతమంది ఉన్నారో, పై తరగతికీ ఇంటర్‌కూ సీట్లు ఎన్ని ఉన్నాయో ఊరి వారీగా, వార్డు వారీగా పట్టిక వేసి సచివాలయాల గోడల మీద అంటించండి. పెద్ద లేఅవుట్‌కూ ప్రభుత్వ కాలనీకీ అనుమతి ఇచ్చే ముందు విద్యాశాఖ సంతకం అడగండి, బడికి స్థలం రాయించుకోండి. లంకలకు దూరాన్ని కిలోమీటర్లలో కాక ఆగస్టు నెలలో పట్టే గంటల్లో కొలవండి. గంట దాటిన ప్రతి ఊరికీ బస్సో, పడవో, కైకలూరులోనో ఆకివీడులోనో ఆడపిల్లలకు హాస్టల్ సీటో చూపించండి. మొదటి పట్టికలో తప్పులుంటే మా ఊళ్ల వాళ్లమే వచ్చి దిద్దిస్తాం.

ఇట్లు,
ఏలూరు నుంచి ఒక పౌరుడు