కోతికి విసిరిన అరటిపండు

శ్రీశైలం ప్రయాణం అనుకోగానే మా అత్తమ్మ చేసే మొదటి పని రెండు డజన్ల అరటిపళ్లు విడిగా సంచిలో పెట్టుకోవడం. స్వామికి కాదండోయ్, దారిలో కోతులకు! దోర్నాల దాటి ఘాట్‌రోడ్డు ఎక్కామంటే ఆమె పళ్లు విసరడం, పిల్లలు కేరింతలు కొట్టడం. నోరులేని జీవాలకు పెడితే పుణ్యమేగా అని నేనూ మురిసిపోయేదాన్ని.

మొన్న కార్తీకంలో మా ముందు బండిలోంచి ఎవరో పండు విసిరారు. దానికోసం రోడ్డు మీదికి దూకిన తల్లికోతి ఎదురుగా వచ్చే బండి కింద పడింది. పొట్టను కరుచుకున్న పిల్ల మాత్రం బతికింది. అది తల్లిని పట్టుకు లాగుతుంటే చూడలేకపోయాం. అత్తమ్మ చేతిలో పండు చేతిలోనే ఉండిపోయింది.

మనం గుడికని వెళ్తాం గానీ, ఆ దారంతా పెద్దపులుల అడవి. 1983లోనే దాన్ని పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. రాత్రిపూట బండ్లు ఆపేది కూడా జంతువుల కోసమే.

తల్లికి దూరమైన అడవిబిడ్డ గతేమిటో మన నంద్యాల జిల్లాలోనే చూశాం. 2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులికూనలు దొరికాయి. అటవీశాఖ వాళ్లు రోజుల తరబడి వెదికినా తల్లితో కలపలేకపోయారు. చివరికి తిరుపతి జూకి తరలించారు. జూలో వేళకు మాంసం పెడతారు, వైద్యం చేస్తారు. కానీ వేట నేర్పే తల్లిని ఎక్కడ తెస్తారు?

"మరి కోతులు ఆకలితో చావాలా?" అంది అత్తమ్మ. నల్లమలలో నేరేడు, మేడి, తునికి, మొర్రి... వాటి వంటిల్లు వాటికుంది. మన తిండి మరిగితేనే అడవి మరిచి రోడ్డెక్కుతాయి, పిల్లల చేతుల్లోవి లాక్కుంటాయి. కవర్లు కూడా మింగేస్తాయి.

జూలో అయితే జంతువులకు తిండి పెట్టడం, వాటిని రెచ్చగొట్టడం చట్టప్రకారం నేరం. పులి లేవలేదని రాయి విసిరే పిల్లాడికి "అది నిద్రపోతోంది నాన్నా, మన చంటిదాన్ని లేపుతామా?" అని చెప్పాల్సింది మనమే.

ఈసారి వెళ్లేటప్పుడు పులిహోర స్టీలు డబ్బాలో సర్దండి. సత్రంలో కూర్చుని తినండి. ఘాట్‌లో అద్దాలు దించకండి. చెత్త సంచిలో వేసి వెనక్కి తెచ్చుకోండి.

మా అత్తమ్మ ఇప్పుడూ అరటిపళ్లు కొంటోంది. కాకపోతే గుడి దగ్గర ఆకలిగా ఉన్న ముసలివాళ్లకు పంచుతోంది. పుణ్యం ఎక్కడికీ పోలేదు కదా!