లాప్‌టాప్ సరే, ఉస్తాద్ ఏరీ?

బడి పిల్లలకు ప్రభుత్వ సొమ్ముతో లాప్‌టాప్‌లు ఇవ్వాలా, వద్దా అన్న చర్చ ఎన్నికలు వచ్చినప్పుడల్లా తలెత్తుతుంది. ఇచ్చేవారు వరమంటారు, కాదనేవారు ఓట్ల తాయిలమంటారు. ఈ గొడవలో పిల్లవాడి చదువు మాట మరుగున పడిపోతోంది. ఇదివరకే పంచి చూసిన చోట్ల ఏం జరిగిందో ముందు తెలుసుకోవడం మంచిది.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశం 2008 నుంచి బడులకు ఎనిమిది లక్షలకు పైగా చిన్న లాప్‌టాప్‌లు పంపింది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు 319 బడులను పరిశీలించి 2012లో ఫలితాలు వెల్లడించారు. పిల్లలకు యంత్రం బాగా అలవాటైంది, ఆలోచనా శక్తిలో కొంత చురుకుదనం కూడా కనిపించింది. కానీ లెక్కల్లో, భాషలో మార్కులు మాత్రం పెరగలేదు. ఆ యంత్రంతో పాఠం ఎలా చెప్పాలో టీచర్లకు తగినంత శిక్షణ లేదు, చాలా బడుల్లో ఇంటర్‌నెట్ లేదు. మరి మార్కులు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇది చూపించి "అయితే డబ్బు దండగే" అనేవారితో మేము ఏకీభవించలేము. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు చదువు ఫోన్‌లోకి, టీవీలోకి వెళ్లిపోయింది. కలిగిన ఇంటి పిల్లవాడికి సొంత కంప్యూటర్ ఉంది. ఆటో నడిపే తండ్రి ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ పొద్దున్నే ఆయనతో పాటే బయటికి పోయేది. సాయంత్రం తిరిగొచ్చాక అది ముందు ఎవరి చేతికి వెళుతుంది? కొడుకు చేతికే. అమ్మాయి వంతు వచ్చేసరికి రాత్రి అవుతుంది. ఇది ప్రభుత్వం చేసిన అన్యాయం కాదు, మన ఇళ్లలో మనం చేస్తున్నదే. అమ్మాయి పేరు మీద, ఆమె చేతికే ఒక లాప్‌టాప్ వస్తే ఈ వరస కొంతైనా మారుతుంది.

తమిళనాడు 2011 సెప్టెంబరులో మొదలుపెట్టి ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ప్లస్ వన్, ప్లస్ టూ చదివేవారికి లక్షల సంఖ్యలో లాప్‌టాప్‌లు ఇచ్చింది. సంచి మీద ముఖ్యమంత్రి బొమ్మ ఉండటం మాకు నచ్చని సంగతి. అయినా ఎంచుకున్న వయసు సరైనదే. పై చదువులకు దరఖాస్తు పెట్టుకునే వయసు అది. ఇంటికి తీసుకెళ్లి జాగ్రత్తగా వాడుకోగలరు.

ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. అందులోని పాఠాలు బైజూస్ అనే ప్రైవేటు కంపెనీవి. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా విచారణ మొదలైంది. పాఠాలు ముందే ట్యాబ్‌లో నింపి ఇచ్చారు కనుక ఉన్నవి ఉంటాయి. రేపు సిలబస్ మారితే వాటిని మార్చేదెవరు? పాఠ్యపుస్తకం ప్రభుత్వానిది అయినప్పుడు ట్యాబ్‌లోని పాఠం కూడా ప్రభుత్వానిదే కావాలి కదా!

ఇక ఉర్దూ మీడియం పిల్లల సంగతి. కర్నూలు, కడప, గుంటూరు, హైదరాబాదులలో ఈ బడులు ఉన్నాయి. పుస్తకం ఉర్దూలో ఉండి, యంత్రంలోని పాఠం ఇంగ్లీషులో ఉంటే ఆ పిల్లవాడు బొమ్మలు చూసి మూసేస్తాడు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2013లో పంచిన లాప్‌టాప్‌లలో హిందీ, ఇంగ్లీషుతో పాటు ఉర్దూలో కూడా టైపు చేసే ఏర్పాటు ఉంది. అంటే టెండరు రాసేటప్పుడే అడిగితే అయ్యే పని. మన పెద్దలు షాదీఖానాల కోసం, కబ్రస్థాన్ గోడల కోసం వినతి పత్రాలు ఇస్తుంటారు, ఇవ్వాల్సిందే. వాటితో పాటు ఈ ఒక్క కాగితం కూడా చేర్చకూడదా?

కాబట్టి ప్రభుత్వం ఖర్చు పెట్టాలనే మేము అంటాము. చిన్న తరగతుల వారికి యంత్రం బడిలోనే, టీచరు కళ్ల ముందు ఉండాలి. పదకొండు, పన్నెండు తరగతుల వారికి చేతికి ఇవ్వాలి. పంచే ముందు వేసవిలో టీచర్లకు నేర్పాలి. ఖాళీగా ఉన్న ఉర్దూ టీచరు పోస్టు నింపకుండా ఆ బడికి లాప్‌టాప్ పెట్టెలు పంపితే అవి బీరువాలోనే ఉండిపోతాయి. బ్యాటరీ పోతే ఎక్కడికి తీసుకెళ్లాలి, బాగుచేసే ఖర్చు ఎవరిదో కూడా పంపిణీ రోజునే చెప్పాలి. కూలి చేసుకునే తల్లి రెండు వేలు పెట్టి కొత్త బ్యాటరీ వేయించలేదు.