విమానంలో ముందు సీటు

ఇల్లెందు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం మూడు వారాలుగా నా దగ్గరే ఉండిపోయింది. వాళ్ళబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. సోమవారం పొద్దున విమానమెక్కి గురువారం రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగమట. "అమ్మా, నాకు గోల్డ్ కార్డు ఉంది, నిన్నూ నాన్ననూ ఫస్ట్ క్లాసులో కూర్చోబెట్టి తీసుకొస్తా" అన్నాడట. ఆవిడ సంతోషం పట్టలేక వదినగారికీ, తోడికోడలికీ, ఆఖరికి పాలు పోసే అమ్మాయికీ చెప్పేసుకున్నారు. తీరా టిక్కెట్లు వచ్చాక చూస్తే ఎక్కడో వెనకాల నలభై రెండో వరస! "మా వాడు గొప్పలు పోయాడా, విమానం కంపెనీ మోసం చేసిందా? వదినగారికి నేనేం చెప్పుకోను?" అని అడుగుతున్నారు.

ఇద్దరి తప్పూ లేదమ్మా. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, రెండేళ్ళ కిందట మా అమ్మాయి పురిటికి వెళ్ళినప్పుడు ఇదే గొడవ మా ఇంట్లోనూ అయింది. అది తర్వాత చెబుతాను. ముందు అసలు ఈ కార్డుల కథేమిటో చూద్దాం.

మన భద్రాచలం రోడ్ స్టేషన్లో (అదేనండీ, కొత్తగూడెంలో. పేరు చూసి గుడి పక్కనే అనుకుని దిగిన యాత్రికులు ఇంకో నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలి) స్లీపర్ టిక్కెట్టు తీసుకుంటే, ఒక్కోసారి ఏసీ బోగీలో బెర్తు వస్తుంది చూడండి. పైసా ఎక్కువ అడగరు. రైల్వేవాళ్ళు 2006లో పెట్టిన పద్ధతి ఇది. పై తరగతిలో బెర్తులు ఖాళీగా పోతుంటే, కింద పూర్తి చార్జీ కట్టినవాళ్ళను పైకి జరిపి, ఆ ఖాళీలు వెయిటింగ్ లిస్టు వాళ్ళకిస్తారు. ఎవరికొస్తుందన్నది కంప్యూటర్ దయ. మీరు నెలకు నాలుగుసార్లు ఎక్కినా, ఏడాదికి ఒక్కసారి ఎక్కినా దానికి ఒకటే. ఇక ఆర్టీసీ సంగతంటారా, 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ మన ఆధార్ కార్డే గోల్డ్ కార్డు!

విమానాల్లో అలా కాదు. అక్కడ ఎవరు ఎన్నిసార్లు ఎక్కారో, ఎంత డబ్బు పెట్టారో లెక్క రాసి పెట్టుకుంటారు. ఇదంతా అమెరికాలో మొదలైంది. 1978లో అక్కడి ప్రభుత్వం విమాన చార్జీల మీద అదుపు తీసేసింది. దాంతో కంపెనీల మధ్య పోటీ పెరిగిపోయింది. ఎక్కినవాళ్ళు పక్క కంపెనీకి పోకుండా ఎలా పట్టుకోవాలా అని ఆలోచించి, 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఎన్ని మైళ్ళు తిరిగితే అన్ని మైళ్ళు ఖాతాలో వేసి, అవి పోగయ్యాక ఉచితంగా టిక్కెట్టో, పై తరగతి సీటో ఇచ్చే పథకం పెట్టారు. కొద్ది రోజులకే యునైటెడ్ వాళ్ళూ అదే దారి పట్టారు. మన కిరాణా కొట్టాయన ఖాతా ఉన్న ఇంటికి సరుకులతో పాటు గుప్పెడు కరివేపాకు ఊరికే వేసి పంపుతాడు చూడండి, అదే లెక్క. మన ఎయిర్ ఇండియాకీ ఉంది. మొదట్లో ఫ్లయింగ్ రిటర్న్స్ అనేవారు, ఇప్పుడు మహారాజా క్లబ్ అంటున్నారు.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఖాతా ఒకటే అయినా అందులో లెక్కలు రెండు. మన పొదుపు సంఘం గుర్తు తెచ్చుకోండి. నెలనెలా మనం కట్టే పొదుపు ఒకటి. అది మన డబ్బు, అవసరానికి తీసుకోవచ్చు. క్రమం తప్పకుండా కట్టే సంఘమని బ్యాంకు మేనేజరు దగ్గర వచ్చే మంచిపేరు ఇంకొకటి. ఆ పేరును తీసి ఖర్చు పెట్టలేం. కానీ అది ఉంటేనే పెద్ద లోను వస్తుంది. విమానం కంపెనీల దగ్గరా అంతే. ఖర్చు పెట్టుకునే మైళ్ళు వేరు, హోదా వేరు. సిల్వర్, గోల్డ్, ప్లాటినం అనేవి హోదాలు. అవి ఆ ఏడాది ప్రయాణాలను బట్టి వస్తాయి, తిరగడం తగ్గితే మళ్ళీ పోతాయి. ఖర్చు పెట్టే మైళ్ళను కొడుకు తల్లి కోసం వాడొచ్చు. హోదా మాత్రం అతని ఒంటికే అంటుకుని ఉంటుంది.

ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. అమెరికాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళే విమానాల్లో ముందు సీట్లు మిగిలితే, ఈ కార్డులున్న వాళ్ళకు వరసగా ఊరికే ఇచ్చేస్తారు. పెద్ద కార్డు వాళ్ళు ముందు, చిన్న కార్డు వాళ్ళు తర్వాత. కొన్ని కంపెనీలు అతనితో పాటు అదే విమానంలో ఉన్న మరొకరికీ ఇస్తాయి. వారం వారం అలా కూర్చునే అబ్బాయికి, అమ్మకూ అలాగే వస్తుందనిపించడం సహజమే. కానీ హైదరాబాదు నుంచి సముద్రాలు దాటి వెళ్ళే విమానాల దగ్గర అంత ఉదారం ఉండదు. అక్కడ మైళ్ళు ఖర్చు పెట్టాలి, లేదా కంపెనీ ఇచ్చిన అప్‌గ్రేడ్ కూపన్లు వాడాలి. పైగా చాలా విమానాల్లో ఫస్ట్ క్లాసనేదే లేదు, బిజినెస్ క్లాసే పైది.

మైళ్ళున్నా కూడా ప్రతి టిక్కెట్టూ పైకి పోదు. టిక్కెట్టు మీద తరగతి అని ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అందరిదీ ఎకానమీయే, ఒకే వరస సీట్లే, కానీ ఎంతకు కొన్నామన్నది ఆ అక్షరం చెబుతుంది. బాగా చవకలో కొన్న టిక్కెట్టుని మైళ్ళిచ్చినా పైకి జరపనివ్వని కంపెనీలున్నాయి. రైల్లో కూడా పూర్తి చార్జీ కట్టినవాళ్ళకే అన్నాను కదా, దానికి పెద్దన్న ఇది. మనం పది వేలు తగ్గిందని సంబరపడి కొన్న టిక్కెట్టు, పై తరగతికి వెళ్ళే తలుపును అక్కడే మూసేస్తుందన్నమాట.

మన తెలుగువాళ్ళకు వచ్చే చిక్కు మరొకటి. పేర్లు! మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. పాస్‌పోర్టులో ఒకరికి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకొకరికి ఒట్టి అక్షరమే ఉంటుంది. ఇంకొందరికి రెండు పేర్లూ ఒకే గడిలో పడిపోయి రెండో గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివాళ్ళకు అమెరికా వీసా మీద పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ ఎన్ యూ' అని కొడతారు. పేరు తెలియదు అని దానర్థం. మా పిన్నత్తగారు వీసా చూసుకుని "నాకు వీళ్ళు కొత్త పేరు పెట్టారేమిటే!" అని లబలబలాడారు. మైళ్ళ ఖాతాలో పేరు ఒకలా, టిక్కెట్టు మీద ఇంకోలా ఉంటే మైళ్ళు జమకావు. పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని ఖాతా తెరిచేటప్పుడు మీ పాస్‌పోర్టు పక్కన పెట్టించి, అక్షరం అక్షరం చూసి కొట్టమనండి. "అమ్మ పేరు నాకు తెలీదా" అంటారు. అయినా పెట్టించండి.

ఇక మా కథ. అమ్మాయికి నెలలు నిండుతున్నాయని నాకు టిక్కెట్టు ముందే తీశారు. మా వారికి సెలవు తేలక, ఆయనది పది రోజుల తర్వాత విడిగా తీశారు. అల్లుడుగారు ఫోన్‌లో "అత్తయ్యా, నా మైళ్ళతో రెండో విమానంలో మీ ఇద్దరికీ బిజినెస్ క్లాసు అడిగాను, వెయిటింగ్ లిస్టులో ఉంది" అన్నారు. పద్నాలుగు గంటల ప్రయాణం అది. నాకు కాళ్ళలో నరాలు ఉబ్బే జబ్బుంది. ఎక్కువసేపు కాళ్ళు వేలాడేసి కూర్చోవద్దని ఖమ్మంలో డాక్టరు చెప్పారు. మా వారికేమో మోకాళ్ళ నొప్పులు.

రాత్రి బస్సులో పాల్వంచ, కొత్తగూడెం, ఖమ్మం, సూర్యాపేట మీదుగా మూడు వందల కిలోమీటర్ల పైన కూర్చుని హైదరాబాదు చేరి, అక్కణ్ణుంచి శంషాబాద్ వెళ్ళేసరికే నా పాదాలు పూరీల్లా పొంగాయి. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "మేడమ్, ఒక్క సీటు కన్‌ఫర్మ్ అయింది" అంది. ఆ అమ్మాయి మాట పూర్తి కాకుండానే నేను "ఆయనకివ్వండమ్మా" అనేశాను. అలవాటు! కంచంలో ఆఖరి గారె దగ్గర్నుంచీ అంతే కదా మనం. ఆ అమ్మాయి నవ్వి, "మీ పేరు మీద వచ్చింది మేడమ్, సార్ టిక్కెట్టు ఆ క్లాసు కాదు, మార్చడం కుదరదు. మీరు వద్దంటే లిస్టులో తర్వాతి వాళ్ళకి పోతుంది" అంది.

నేను ఆయన మొహం చూశాను. ఆయన నా కాళ్ళు చూశారు. "పోవే, ఊరికే ఎవరికో పోతుందంటుంటే ఆలోచిస్తావేంటి!" అన్నారు. మాట కొంచెం విసురుగానే వచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషం కన్నా తప్పు చేసినట్టే అనిపించింది. విడిగా కూర్చుని ఇంతదూరం ఎప్పుడూ పోలేదు మేము.

ఎక్కాక ఒక మీట నొక్కితే కుర్చీ మంచమైంది. దుప్పటి, దిండు, కాళ్ళకు మేజోళ్ళు, అన్నీ ఇచ్చారు. ఆ రోజు శనివారం, నేను శనివారాలు నీచు ముట్టను. శాకాహారం కావాలని ముందే రాయించుకున్నాం గానీ, ఆ భోజనం నా పాత సీటు దగ్గరికే పోయింది! ముందు క్లాసులో ఆ పూటకి చికెనూ చేపా తప్ప ఇంకేం మిగల్లేదు. ఇంత గొప్ప సీట్లో కూర్చుని బ్రెడ్డూ పండ్లూ తిన్నాను. ఆ శాకాహార భోజనం వెనకాల నా పాత సీట్లో కూర్చున్నవాళ్ళు అక్కర్లేదంటే, పక్కన మా వారు తీసుకుని రెండూ లాగించారట. సీటు మారితే భోజనం సంగతి విమానంలో అమ్మాయికి వెంటనే గుర్తు చేయాలని అప్పుడు తెలిసింది నాకు.

రెండుసార్లు లేచి వెనక్కి వెళ్ళి చూసొచ్చాను. ఆయన మధ్య సీట్లో మోకాళ్ళు ముడుచుకుని, నోరు తెరుచుకుని నిద్ర. లేపలేదు. తిరిగొచ్చి కాళ్ళు చాపుకుని పడుకున్నాను. ఆరు గంటలు నిద్రపోయాను, దాచడమెందుకు.

దిగేసరికి నా పాదాలు మామూలుగా ఉన్నాయి. ఆయనవి చెప్పుల్లో పట్టలేదు, నాలుగు రోజులు పట్టింది తగ్గడానికి. మూడో నాడే అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో రాత్రంతా నిలబడింది నేనే. ఆయన ఆ ప్రయాణం గురించి నన్ను ఒక్కమాట అనలేదు గానీ, తిరిగొచ్చాక కనబడిన వాళ్ళందరికీ "మా ఆవిడ బిజినెస్ క్లాసు, నేను పల్లెవెలుగు" అని ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. ఇద్దరి టిక్కెట్లూ ఒకేసారి, ఒకే రకంగా తీసుంటే ఈ పేచీయే ఉండేది కాదు.

ఖర్చులేని పని ఒకటి మాత్రం అందరూ చేయొచ్చు. మీ పేర్న, మీ వారి పేర్న ఖాతా తెరిపించుకోండి, ఊరికే ఇస్తారు. అమెరికా రానూ పోనూ ప్రయాణమంటే మైళ్ళు తక్కువేం కావు. ఇంట్లో వాళ్ళ మైళ్ళన్నీ ఒకచోట కలుపుకోనిచ్చే కంపెనీలూ ఉన్నాయి. స్టార్ అలయన్స్ అని 1997లో ఐదు కంపెనీలు కలిసి ఒక జట్టు కట్టాయి. మన ఎయిర్ ఇండియా 2014లో అందులో చేరింది. జట్టులో ఏ విమానం ఎక్కినా ఒకే ఖాతాలో వేయించుకోవచ్చు, కాకపోతే చవక టిక్కెట్లకు కొన్నిసార్లు తక్కువ పడతాయి. బోర్డింగ్ పాసు చింపి పారేయకండి. మైళ్ళు పడకపోతే అది చూపించే అడగాలి. చాలా కంపెనీల మైళ్ళకు గడువు కూడా ఉంటుంది, ఊరగాయ జాడీలా ఏళ్ళ తరబడి అటక మీద పెట్టేస్తే మిగలవు. మైళ్ళు అమ్ముతాం, సీటు మారుస్తాం, ఫోన్‌కొచ్చిన నంబరు చెప్పండి అని ఎవరైనా అడిగితే మాత్రం ఫోను పెట్టేయండి. అలా కొన్న టిక్కెట్లు కంపెనీవాళ్ళు రద్దు చేస్తారు.

పట్టుచీర కట్టుకుని నవ్వుతూ అడిగితే సీటు మారుస్తారని మా వీధిలో ఒకావిడ చెబుతుంటారు. నమ్మకండి. ఎకానమీలో సీట్లకు మించి టిక్కెట్లు అమ్ముడైనప్పుడు కొందరిని ముందుకు పంపే మాట నిజమే గానీ, అప్పుడూ కార్డులున్న వాళ్ళనే ముందు చూస్తారు. పద్నాలుగు గంటల ప్రయాణానికి నూలు చీరో, పంజాబీ డ్రెస్సో హాయి. మధ్య మధ్య లేచి నడవండి, నీళ్ళు తాగండి. వీల్‌చైరు కావాలంటే టిక్కెట్టు తీసేటప్పుడే చెప్పాలి. దానికి ఏ కార్డూ అక్కర్లేదు.

ఇల్లెందు సోదరీ, మీ ప్రయాణం సంక్రాంతి వెళ్ళాక అన్నారు, ఇంకా టైముంది. టిక్కెట్ల మీద ఆ అక్షరం ఏముందో మీ అబ్బాయిని అడగండి. మైళ్ళతో జరిపే రకమైతే ఇద్దరికీ కలిపి ఇప్పుడే లిస్టులో పెట్టించమనండి. కాకపోతే, నడవా పక్క సీట్లయినా ఇప్పించమనండి, కాళ్ళు చాపుకోవడానికి కొంత వీలుంటుంది. వదినగారికి ఏం చెప్పాలంటారా? లిస్టులో ఉందని చెప్పండి, అబద్ధం కాదుగా.

పాల్వంచ నుంచి ఉసిరికాయ పచ్చడి నల్లబడుతోందని రాసిన వారికి వచ్చే వారం జవాబిస్తాను.