అచ్చయిన తప్పును దిద్దకూడదా?

ఫోన్లో వారం వారం వచ్చే నా సీరియల్లో పదకొండో భాగాన్ని, పాఠకులు చదివేశాక, నేను మార్చాను. దానికి వచ్చిన తిట్లు ఇన్నీ అన్నీ కావు. "మమ్మల్ని ఏడిపించి ఇప్పుడు మాట మారుస్తావా? నీకేం హక్కుంది?" అన్నారు. ఆ హక్కు గురించే ఇక్కడ మాట్లాడదలుచుకున్నాను.

ఆ భాగంలో నంద్యాల లాయరు ఒకాయన నా కథలోని కోడలితో, "ఇల్లు మీ అత్త పేరు మీదుంది. అందులో ఉండే హక్కు నీకు లేదు" అంటాడు. ఆమె బిడ్డను చంకనేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కుతుంది. పాఠకులు ఏడ్చారు. నేను పొంగిపోయాను.

కొన్నాళ్లకు ఆళ్లగడ్డలో ఒక సమావేశం అయ్యాక ఒకామె నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, నన్ను ఇంట్లోంచి గెంటేస్తే నోరెత్తలేదు. ఇల్లు అత్త పేరు మీదుంటే మనకేం లేదని నీ కతలో లాయరే చెప్పినాడు గదా" అంది.

నేను రాసింది పాత చట్టం. 2005 గృహహింస చట్టం భార్యకు ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఇచ్చింది. అత్తగారి సొంత ఇంటికి అది వర్తించదని 2006లో సుప్రీంకోర్టు బాత్రా కేసులో చెప్పింది. 2020 అక్టోబరులో, సతీష్ చందర్ ఆహుజా కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పు సరికాదంది. ఇల్లు ఆమె సొంతమైపోదు. కానీ ఇల్లు ఎవరి పేరు మీదుందన్న ఒక్క సాకుతో ఆమెను గెంటెయ్యడానికి వీల్లేదు.

"కథే కదా, ఎందుకంత బాధ?" అన్నారు తోటి రచయితలు. చట్టం పుస్తకం చేరని ఇంటికి కథ చేరుతుంది. కథలో లాయరు చెప్పిందే ఆమెకు చట్టం. మంచి జరిగితే కథ గొప్పదనం, చెడు జరిగితే ఉత్త కథ! ఇదెక్కడి న్యాయం?

"అయితే మేం అడిగినట్టూ మార్చు, పిల్లను మొగుడి దగ్గరికి పంపి కథ సుఖాంతం చెయ్యి" అన్నవాళ్లూ ఉన్నారు. అది దిద్దడం కాదు, లొంగడం. రంగనాయకమ్మ 'జానకి విముక్తి' ఆంధ్రజ్యోతి వారపత్రికలో వస్తూ వస్తూ మధ్యలో ఆగిపోయింది. ఆమె జానకిని వెనక్కి పంపలేదు. నవల పుస్తకంగా వచ్చింది. పాఠకులు ఎదురుచూస్తున్నారన్న కారణంతో నిజాన్ని వంచకూడదు. అదే కారణంతో అబద్ధాన్ని ఉంచనూ కూడదు.

తిట్టినవాళ్ల మాటల్లో ఒకటి మాత్రం నిజం. నేను గుట్టుగా మార్చాను. చదివేసినవాళ్లు మళ్లీ పదకొండో భాగం దగ్గరికి ఎందుకొస్తారు? నా పరువు దక్కింది గానీ వాళ్ల దగ్గర పాత తప్పే మిగిలింది. అందుకే తర్వాతి భాగం మొదట్లో, "నేను తప్పు రాశాను, సరైనది ఇది" అని రాశాను. కథలు, వీధినాటకాలు, కరపత్రాలు రాసే మనందరం చెయ్యాల్సిన పని ఇదే. తప్పు ఎంతమందికి చేరిందో దిద్దుబాటూ అంతమందికి చేరాలి.

ఆ విషయం చెప్పడానికి మళ్లీ ఆళ్లగడ్డ వెళ్లాను. ఆమె అంతా విని, "అయితే ఆ పొద్దు నేను బయటికి రాకుండా ఉండాల్సిందా అక్కా?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఆ ఇంట్లో లేకపోయినా హక్కు అడగొచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పిందని మాత్రం చెప్పాను. మేజిస్ట్రేటుకు పెట్టే అర్జీ ఇద్దరం కలిసి రాయడం మొదలుపెట్టాం.